నడిచొస్తేనే తలుపు తీస్తా

మార్చి 9

నువ్వు ఫోన్‌లో అన్నది తప్పు. నేను నీ వల్ల పడలేదు.

అసలు పడ్డాను అనడమే తప్పు. పడినవాళ్ళు నేల మీద ఉంటారు. నేను రెయిలింగ్ పట్టుకుని నిలబడే ఉన్నాను. నీ నూనె సీసా, దువ్వెన కూడా చేతిలోనే ఉన్నాయి. చుక్క ఒలకలేదు. జరిగింది ఇదీ. నీ జడ వేసి, పొరపాటున నీ సామానుతో సహా బయటికొచ్చి మెట్లు దిగుతున్నాను. మలుపు దగ్గర బల్బు పోయి ఉంది. నువ్వు ఆ ఆక్సిజన్ గొట్టం ఎంతవరకు సాగితే అంతవరకు వచ్చి గుమ్మంలో నిలబడి, మెల్లిగా దిగు అక్కా, నువ్వేం పడుచుదానివి కాదు అన్నావు. జవాబు చెప్పకుండా దిగిపోయే గుణం నాకు పుట్టుకతోనే లేదు. వెనక్కి తిరిగాను. ఒళ్ళు తిరిగింది, పాదం మెట్టు మీదే ఉండిపోయింది. మధ్యలో మోకాలు ఎవరి మాట వినాలో తెలియక టప్‌మంది. అంతే.

ఇదంతా నీకు చెప్పను. చెబితే, చూశావా, నా వల్లే కదా అంటావు. ఊపిరి తీసుకోవడమే ఒక పనిగా ఉన్న మనిషి చేత ఆ మాట ఇంకోసారి అనిపించడం ఎందుకు? అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇది ఎవరికీ కాదు. మనవరాలు ఇచ్చిన డైరీ. ఇప్పటిదాకా ఇందులో గ్యాస్ బుక్ చేసిన తేదీలు తప్ప ఏమీ లేవు.

మార్చి 10

ఎముకల డాక్టరు నా మొహం చూడలేదు, ఫిల్మ్ చూశాడు. మోకాలి లోపలి పక్క లిగమెంటు సగం తెగిందట. ప్లాస్టిక్ మోకాలొకటి బల్ల మీద పెట్టి, ఇది తాడు లాంటిదన్నమాట అమ్మా అని మొదలుపెట్టాడు. తాడు కాదు నాయనా, పట్టీ లాంటిది అన్నాను. పక్కనున్న మా అబ్బాయి నా మోచేయి నొక్కాడు. రిటైరయ్యేదాకా పదో తరగతికి జీవశాస్త్రం చెప్పినదాన్ని. బోర్డు మీద ఎన్ని మోకాళ్ళు గీశానో లెక్కలేదు. గీసినవేవీ నొప్పి పెట్టలేదు, అదొక్కటే తేడా.

ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. బ్రేస్ వేసుకుని, వ్యాయామం చేస్తూ ఓపిక పడితే దానంతటదే అతుక్కుంటుందట. అయితే ఈలోగా మళ్ళీ మెలితిరిగిందా, మిగిలిన సగమూ పోతుంది. అప్పుడు కత్తి తప్పదు, కత్తికి మీ గుండె ఒప్పుకోదు అని నా ఈసీజీ ఊపి చూపించాడు. కాబట్టి మెట్లు ఎక్కకూడదు. నేను చెప్పేదాకా ఒక్క మెట్టు కూడా.

ఆయనకేం తెలుసు! మేం కింద వాటాలో ఉంటాం. చిన్నది మూడో అంతస్తులో ఉంటుంది. చిన్నది అంటే నా తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఈ బిల్డింగ్‌లో వాటాలు కొన్నారు. మా ఆయన పూలకుండీల కోసం కిందది కావాలన్నారు, మరిది గాలి కోసం పైది కావాలన్నాడు. కట్టించినవాడు లిఫ్టు ఎందుకులే అనుకున్నాడు. ఇప్పుడు కుండీలవాడూ లేడు, గాలివాడూ లేడు. మేమిద్దరం మిగిలాం, మధ్యలో మెట్లు మిగిలాయి.

ఆమెకి ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి. మందు లేదట. చలికాలంలో ఆస్పత్రివాళ్ళు ఇక ఇంట్లోనే చూసుకోండి అని పంపించేశారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నేను పైకెళ్ళి జడ వేసి, ఇద్దరం నాలుగు మాటలు అనుకుని, దిగి వస్తున్నాను.

ఆమెకి దిగే ఊపిరి లేదు. నాకు ఎక్కే కాలు లేదు.

మార్చి 12

ఫిజియోథెరపిస్టు వచ్చాడు. మీసం ఇంకా రావాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసు. చేతులు మాత్రం మెత్తన, వెచ్చన. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కమన్నాడు. నొక్కాను. ఇంకొక్కటి బామ్మగారూ అన్నాడు. నొక్కాను. ఇంకొక్కటి అన్నాడు. అతని అంకగణితంలో ఒకటి తర్వాత మళ్ళీ ఒకటే వస్తుంది. అతనికి ఇంకొక్కటి అని పేరు పెట్టేశాను.

బ్రేస్ కూడా అతనే బిగించాడు. నల్లగా, రెండు పక్కలా ఇనప కీళ్ళతో, స్క్రూలతో. రోబో బామ్మ అంది మనవరాలు. కోడలు నవ్వాపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళి, వెళ్ళినందుకు ఉత్తినే కుళాయి తిప్పింది.

మెట్లు ఎప్పుడెక్కుతాను అని అడిగాను. ముందు సరిగ్గా నిలబడదాం బామ్మగారూ అన్నాడు. నా మొహం చూసి జాలేసిందేమో, ఒక బ్యాంకు మేనేజరు కథ చెప్పాడు. ఆయన కాలికి పిండికట్టుతో, మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులతో ఒళ్ళు ఎత్తుకుంటూ ఒక్కో మెట్టూ జరిగి ఇంటికి చేరేవాడట. సూట్‌లో! అని ఇంకొక్కటి నవ్వాడు. నేనూ నవ్వాను.

మార్చి 13

కాలు ఎత్తాను. జానెడు. ప్రపంచంలో ఏమీ మారలేదు.

మార్చి 16, సాయంత్రం

గొట్టం మోగింది!

మా వంటింటి మూలలో పాత ఇనప నీళ్ళగొట్టం ఒకటి ఉంది. పైన ట్యాంకు నుంచి అన్ని వాటాల మీదుగా దిగి వస్తుంది. చిన్నది తన వంటింట్లో దాని మీద గరిటెతో కొడితే నా అలమరలో గ్లాసులకి కూడా వినిపిస్తుంది. ఈ ఇంటికొచ్చిన కొత్తలో మొదలైన అలవాటు, ఫోన్లు వచ్చినా పోలేదు. ఫోనుకి కళ్ళజోడు వెతుక్కోవాలి, గొట్టానికి అక్కర్లేదు. మూడు దెబ్బలంటే రా అని. నేను ఒకటి కొడితే వస్తున్నా అని.

ఆమె కొట్టే మూడు దెబ్బలకీ ఒక తీరూ తెన్నూ ఉండదు. రెండు గబగబా కొడుతుంది. ఈలోగా పక్కన ఎవరితోనో కబుర్లలో పడుతుంది. గుర్తొచ్చాక మూడోది కసిగా ఒకటి. నేను వెంటనే పలక్కపోతే ఇక గొట్టం పగిలేదాకా వాయింపే. రెండో అంతస్తులో కుక్కను పెంచే ఆయన ఒకసారి ఆ మోతకి ప్లంబర్ని పిలిపించాడు. ప్లంబర్ గంటసేపు వెతికి, గొట్టంలో గాలి చేరిందండీ అని చెప్పి వెళ్ళాడు. మేమిద్దరం మొహాలు చూసుకోలేదు, చూసుకుంటే దొరికిపోయేవాళ్ళం.

ఇవాళ మోగింది రా అని కాదు. రాలేనని తెలుసు. వ్యాయామం చేశావా అని. వెంటనే ఫోన్ చేసి అదే అడిగింది. చేశానన్నాను. అబద్ధాలాడకు అక్కా, ఒకటి కొట్టు, కొట్టినప్పుడల్లా చేసినట్టు లెక్క అంది. ఆస్పత్రి మంచంలో ఉన్నప్పుడు కూడా ఈ పెత్తనం పోలేదు ఈ మనిషికి.

చేతికర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచి వెళ్ళి, అట్లకాడతో ఒకటి కొట్టాను.

మార్చి 21

చిన్నాడు వచ్చాడు. చిన్నాడు అంటే చిన్నదాని కొడుకు, నలభై దాటినవాడే. డ్యూటీ నుంచి దిగి ముందు మా ఇంట్లో కాసేపు కూర్చుని, అప్పుడు పైకెళతాడు. ఈ మధ్య ఆ కూర్చోవడం ఎక్కువవుతోంది. పెద్దమ్మా, నేనూ అన్నయ్యా నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకెళతాం, అమ్మని చూసొద్దువుగాని అన్నాడు. సరే అందామనుకున్నాను.

చిన్నదానికి ఈ సంగతి ఎలా చేరిందో, ఫోన్. నన్ను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు గుర్తుందా అంది. ఇద్దరు మనుషులు కుర్చీలో కట్టి బీరువాని ఎక్కించినట్టు ఎక్కించారు. ప్రతి అంతస్తులోనూ తలుపులు తీసుకుని మరీ చూశారు. ఒక్కరైనా తల తిప్పుకున్నారా? నువ్వు అలా రావద్దు. నడిచొస్తేనే తలుపు తీస్తా. బీరువాలా వస్తే తీయను గాక తీయను.

అంతసేపు మాట్లాడినందుకు దగ్గు. ఆమెని చూసుకునే నర్సమ్మాయి ఫోన్ తీసుకుని పెట్టేసింది.

నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం హాయిగా అనిపించింది. నాకూ సామానులా ఎక్కడం ఇష్టం లేదు. పంతం ఆమెది, పరువు నాది, రెండూ చక్కగా కుదిరాయి. చిన్నాడితో, మీ అమ్మ ఆర్డరేసింది, నడిచే వస్తాను అన్నాను. వాడు ఏదో అనబోయి, టీ చల్లారిపోయిందని చెప్పి లేచాడు.

మార్చి 26

కోడలు స్నానం చేయిస్తోంది. ప్లాస్టిక్ కుర్చీ మీద నేను, చుట్టూ నీళ్ళు. ఆ పిల్ల సిగ్గుపడకుండా చేస్తుంది. సిగ్గుపడవలసిన బాధ్యత మొత్తం నా మీద పడింది. సబ్బు కళ్ళలో పడిందని చెప్పి కాస్త ఏడ్చాను. ఆఫీసుకి టైమవుతున్నా ఆ పిల్ల కదలకుండా నిలబడింది. సబ్బు కాదని తెలుసు దానికి.

చిన్నదానికి ఫోన్ చేశాను. నీ దువ్వెన నా దగ్గరే ఉండిపోయింది, చిన్నాడి చేత పంపిస్తానన్నాను. వద్దు, నువ్వే పట్టుకుని రా అంది. మరి జడ ఎవరు వేస్తున్నారు అంటే, నర్సమ్మాయి వేస్తోంది, ఎద్దుకి పలుపు పేనినట్టు పేనుతోంది అంది. నవ్వాను. ఆమె జడంటే ఆమెకి ఎంత మిడిసిపాటో! ఈ వయసులోనూ నడుము దాటి ఉంటుంది. కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని చూసి నేను ఎంత కుళ్ళుకున్నానో, ఆ కుళ్ళు దాచుకోవడానికే మొదటిసారి జడ వేస్తానన్నాను. అలా అలవాటైంది.

మార్చి 30

ఇంకొక్కటి ఇవాళ రాలేదు. నాకు నేనే ఇంకొక్కటి అని చెప్పుకున్నాను. అతనంత తీపిగా రాలేదు.

ఏప్రిల్ 2

మోకాలు వంగుతోంది. వాపు తగ్గి, పాత మోకాలి ఆకారం కనపడుతోంది, చాలా రోజులకి ఊరి నుంచి వచ్చిన చుట్టంలా. ఇంకొక్కటి పీట వేసి మెట్టు నేర్పుతున్నాడు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు, ఇదొక్కటి మర్చిపోకండి అంటాడు. అసలు మెట్లకి ఇంకా టైముందట. ఎంత అంటే నెల అన్నాడు. లిగమెంటుకి తొందర ఉండదు బామ్మగారూ, దానికి రక్తం తక్కువ, మెల్లిగా అతుక్కుంటుంది అన్నాడు. అది నేను పిల్లలకి చెప్పిన పాఠమే. అప్పుడు ఇంత బాధగా లేదు.

ఫోన్ చేస్తే నర్సమ్మాయి తీసి, పడుకున్నారండీ అంది. ఈ వారమంతా పడుకునే ఉంది చిన్నది. సాయంత్రం గొట్టం మాత్రం మోగుతోంది.

ఏప్రిల్ 5

ఎట్టకేలకు చిన్నది ఫోన్‌లో దొరికింది. గొంతు బాగా సన్నబడింది. ఎక్కావా అంది. పీట ఎక్కానన్నాను. ఇంకా ఎన్ని పీటలు అక్కా... అంది. నవ్వబోయింది, అది దగ్గయింది, ఆ తర్వాత ఏమైందో తెలియదు, ఫోన్ ఆగిపోయింది.

అబ్బాయిని అడిగితే, పిన్ని బాగానే ఉందమ్మా, నువ్వు నీ కాలు చూసుకో అంటాడు. కోడలు కూడా అవే మాటలు. ఇద్దరూ ఒకే వాక్యం చెబితే ముందే అనుకున్నారని అర్థం. పరీక్షల్లో పక్కపక్కన కూర్చున్న పిల్లల్ని ఇలాగే పట్టుకునేదాన్ని.

ఏప్రిల్ 8

గొట్టం మీద మూడు దెబ్బలు. టక్. టక్. టక్. గడియారం కొట్టినట్టు. నిన్నా అంతే. మొన్న? గుర్తు లేదు.

ఏప్రిల్ 9

ఇవాళ కావాలనే జవాబు కొట్టలేదు. అట్లకాడ పట్టుకుని గొట్టం పక్కనే నిలబడ్డాను. చిన్నదైతే ఈపాటికి బిల్డింగ్ అంతా లేపేది.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత మళ్ళీ టక్. టక్. టక్. మెత్తగా, మర్యాదగా, మేడమ్ లోపలికి రావచ్చా అన్నట్టు.

ఆమె చెయ్యి కాదు.

ఒకటి కొట్టాను. కొట్టకపోతే పాపం ఆ పిల్ల కంగారు పడుతుంది.

ఏప్రిల్ 10

చిన్నాడిని నిలదీశాను. గొట్టం ఎవరు కొడుతున్నార్రా అన్నాను. అమ్మే పెద్దమ్మా అన్నాడు. మీ అమ్మ మంచం దిగి ఎన్నాళ్ళయింది అన్నాను. తల దించుకుని బూటు లేసు ముడి విప్పి మళ్ళీ వేశాడు. అప్పుడు చెప్పాడు. దిగడం లేదు. రెండు ముద్దలు కూడా తినడం లేదు. డాక్టరు వచ్చి చూసి, ఇక రోజుల మీద ఉంది అన్నాడు. గొట్టం కొట్టించేది మాత్రం అమ్మే. అక్క వ్యాయామం మానేస్తుంది, రోజూ కొట్టు అని నర్సమ్మాయికి చెప్పింది. నీకు చెప్పొద్దని మా అందరికీ ఒట్టు పెట్టింది. చెబితే నువ్వు మెట్లెక్కేస్తావనీ, ఆ కాలు పోతే ఆ గుండెకి ఆపరేషనా అనీ.

కుర్చీలో తీసుకెళ్ళరా అన్నాను. బీరువానైనా పర్లేదు అన్నాను. వాడు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేను రోజూ అడుగుతున్నాను పెద్దమ్మా, వద్దనే అంటోంది. అక్క ఇలా నన్ను చూడకూడదు అంటోంది.

అదీ సంగతి. నడిచొస్తేనే అన్నది నా కాలి గురించి కాదు. నేను నడవలేనని తెలిసే అంది.

ఏప్రిల్ 11

ఎక్కాను.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకున్నాను. బ్రేస్ బిగించాను, ఇంకొక్కటి చూస్తే మెచ్చుకునేంత బిగువుగా. దువ్వెన కొంగున ముడేశాను. తలుపు దగ్గరికి వేసి, చేతికర్రతో మెట్ల దాకా వెళ్ళి, కర్ర గోడకి చేర్చి, వెనక్కి తిరిగి మొదటి మెట్టు మీద కూర్చున్నాను. బ్యాంకు మేనేజరుగారూ, మీకు దండం అనుకున్నాను.

దెబ్బకాలు ముందుకి చాచి, రెండు చేతులూ వెనక మెట్టు మీద ఆనించి, మంచి కాలితో నెట్టుకుని ఒళ్ళు ఎత్తడం. మెట్టు మారడం. మళ్ళీ. రాయి చల్లగా ఉంది. ఎవరూ ఊడవరు కాబోలు, అరచేతులకి ఇసక. ఎక్కడం అన్నాను గానీ, ఇలా ఎక్కేవాళ్ళకి ఎక్కవలసినది కనపడదు, వెనకాల ఉంటుంది. కనపడేదంతా దాటొచ్చిందే. మా గుమ్మం, గోడకి నా కర్ర, ఆయన కుండీల్లో మిగిలిన ఒకటి, అన్నీ మెల్లిగా కిందికి పోయాయి. మోకాలు మధ్యమధ్యలో నేనున్నానని చెబుతోంది. దాన్ని ఎటూ మెలితిరగనివ్వలేదు. నా ధ్యాసంతా అక్కడే పెట్టాను, పదో తరగతి పరీక్ష హాల్లో కూడా అంత కాపలా కాయలేదు.

రెండో అంతస్తులో కుక్కలాయన తలుపు తీశాడు. కుక్క వచ్చి బ్రేస్ వాసన చూసి, ఏ జాతిదో తేల్చుకోలేక తుమ్మింది. ఆయన, ఏమైందండీ, పడ్డారా అన్నాడు. కూర్చున్నానన్నాను. ఇక్కడా అన్నాడు. ఇక్కడ గాలి బావుంటుందన్నాను. ఆయన ఏమనుకున్నాడో, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చి, కుక్కని లాక్కుని తలుపేసుకున్నాడు. మంచివాడే. ఇన్నాళ్ళూ ఆయన్ని ఏమేమి అన్నానో.

మలుపు దగ్గర, అదే బల్బు లేని చోట, చేతులు ఇక ఎత్తలేమన్నాయి. అక్కడ కూర్చుని ఇంకొక్కటి అన్నాను. గట్టిగానే అన్నాను.

పైకి చేరాక లేవడం నా వల్ల కాలేదు. కూర్చునే జరిగి, తలుపు అడుగున కొట్టాను. మూడు. రెండు గబగబా, ఒకటి ఆగి. నర్సమ్మాయి తలుపు తీసి, మనిషి ఎత్తున చూసి, ఎవరూ లేరనుకుని వేసెయ్యబోయింది. కింద చూడు తల్లీ అన్నాను.

ఆ పిల్లే లేవదీసి మంచం దాకా నడిపించింది. చిన్నది మంచంలో ఉంది. ఉంది అనాలి కాబట్టి అంటున్నాను, దుప్పటి కింద ఏమంత లేదు. ముక్కుకి గొట్టం. నన్ను చూసి చప్పున మొహం గోడ వైపు తిప్పేసుకుంది. తిప్పుకున్నాక తెలిసింది నాకు.

జడ లేదు. చెవుల దాకా కత్తిరించేశారు. పడుకుని పడుకుని చిక్కులు పడి, గొట్టం పట్టీలో ఇరుక్కుని ఒకటే పీకుతోందని, ఆమే కత్తిరించెయ్యమందట. దువ్వెన పంపిస్తానన్నానే, దానికి రెండు రోజుల ముందు.

నేను కొంగు ముడి విప్పి దువ్వెన తీశాను. మంచం మీద కూర్చుని, దెబ్బకాలు చాపుకుని, ఆ ఉన్న జుట్టునే దువ్వడం మొదలుపెట్టాను. ఒక్కసారికే అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి దువ్వాను. కాసేపటికి గోడ వైపు నుంచే అంది. నీకు పని తగ్గింది కదా అక్కా. అవును, ఎన్నాళ్ళ నుంచో మొక్కుకుంటున్నాను అన్నాను. భుజాలు కదిలాయి. నవ్వే.

నడిచొచ్చావా అని అడిగింది. నడిచానన్నాను. ఇటు తిరిగి నా చీర చూసింది. వెనకంతా మెట్ల దుమ్ము. కళ్ళు మూసుకుంది. అబద్ధాలాడకు అక్కా అంది.

ఆ రోజు మెట్ల మీద వెనక్కి తిరిగావే, ఏం చెబుదామని అంది. నిజానికి నాకు గుర్తు లేదు. అల్లి చెప్పాను. నువ్వు మాత్రం పడుచుదానివా, ముందు నీ జడ సర్దుకో అందామనుకున్నాను అన్నాను. ఇంత మామూలు జవాబుకి మోకాలు విరగ్గొట్టుకున్నావా అంది. ఆ మాట అనడానికి మూడుసార్లు ఆగింది. నేను ఆగాను ఆమెతో పాటు.

సాయంత్రం అబ్బాయీ చిన్నాడూ వచ్చి ఇద్దరూ తలో చివాటూ పెట్టి, కుర్చీలో కిందికి దించారు. బీరువా దిగింది.

ఏప్రిల్ 12

మోకాలు వాచింది. డాక్టరు వచ్చి నొక్కి చూసి, తెగలేదు, మీ అదృష్టం అన్నాడు. ఇంకొక్కటి నా మీద అలిగాడు. ఆ బ్యాంకు మేనేజరు కథ చెప్పినందుకు తన మీద తనే అలిగాడని కాసేపటికి అర్థమైంది. ఐస్ పెట్టాడు. వెళుతూ వెళుతూ, బాగున్నారా పైన ఆవిడ అని అడిగాడు.

ఏప్రిల్ 15

రోజూ కుర్చీలో ఎక్కుతున్నాను. పిల్లలిద్దరూ ముందొకడు, వెనకొకడు. పరువు కింద గోడకి చేర్చి వెళుతున్నాను, కర్రతో పాటు. ఎవరి తలుపైనా తెరుచుకుంటే, నమస్కారమండీ, చూడండి చూడండి అంటున్నాను. చిన్నదానికి మాట లేదు. నన్ను గుమ్మంలోకి తేగానే రెండు వేళ్ళతో దుప్పటి మీద ఒక చదరం గీస్తుంది. బీరువా అని.

ఏప్రిల్ 20

ఈ సాయంత్రం గొట్టం మోగలేదు. మోగే పని లేదు, నేను పైనే ఉన్నాను. దువ్వుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 21

చిన్నది పోయింది. నిన్న, దీపాలు పెట్టే వేళకి ముందు. ఇవాళ దించారు. నన్ను ముందే కిందికి తెచ్చారు. మా గుమ్మంలో నిలబడి విన్నాను. అడుగుల చప్పుడు, మెల్లిగా, మలుపు దగ్గర చూసుకో అనే మాటలు, దానితో పాటే ఒక్కొక్క అంతస్తులో తలుపులు తెరుచుకునే చప్పుడు. ఆమెకి ఏది ఇష్టం లేదో సరిగ్గా అదే.

తలుపులు వేసుకోండి అని అరిచాను. క్లాసులో గోల మితిమీరినప్పుడు మాత్రమే తీసే గొంతు అది, రిటైరయ్యాక ఒక్కసారీ తీయలేదు. మెట్ల గూడంతా మోగింది. తర్వాత ఒక తలుపు మూసుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. నడిచి దిగినంత గుట్టుగా దిగింది నా తోడికోడలు.

ఏప్రిల్ 29

వ్యాయామం చేయలేదు. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 30

చేశాను. చేసి, అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తీశాను. మళ్ళీ దాని చోట పెట్టేశాను.

మే 11

కత్తి లేకుండానే అతుక్కుందట. డాక్టరు కాలు అటూ ఇటూ వంచి చూసి, మీ వయసులో ఇంత బాగా అతకడం అరుదు అని నన్ను మెచ్చుకున్నాడు, నేనేదో కూర్చుని కుట్టినట్టు. బ్రేస్ తీసేశారు. కింద చర్మం తెల్లగా, పలచగా, చంటిపిల్లదిలా ఉంది. ఇక మెట్లు ఎక్కొచ్చమ్మా, హాయిగా అన్నాడు.

థాంక్స్ చెప్పాను. అబ్బాయి కారు స్టార్ట్ చేయకుండా చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. నేను ఏమీ అనని రోజులు వాడికి భయం.

మే 13

నడిచి ఎక్కాను. మంచి కాలు ముందు. రెయిలింగ్ పట్టుకుని, అంతస్తుకోసారి ఆగి, మూడో అంతస్తు దాకా. తలుపుకి తాళం వేసి ఉంది. చిన్నాడు కంపెనీ క్వార్టర్స్‌కి మారాడు, రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది, తీసుకెళ్ళలేదు. నడిచొచ్చానే అన్నాను తలుపుతో. చాలాసేపేం నిలబడలేదు.

దెబ్బకాలు ముందు పెట్టి దిగాను. మలుపు దగ్గర ఆగాను. వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆగాను.

మే 20

చిన్నాడా, ఫోన్‌లో చెబుదామంటే నువ్వు డ్యూటీలో ఉంటావు, రాసి పెడుతున్నాను, వచ్చినప్పుడు చదివి వినిపిస్తాను. పైన మీ వంటింటి కుళాయిలో వాషర్ వదులైనట్టుంది. మోటార్ వేసినప్పుడల్లా గొట్టం కొట్టుకుంటోంది. వరసా లేదు, తీరూ లేదు, గబగబా రెండు, తర్వాత ఎప్పుడో ఒకటి. నా గ్లాసులు అదురుతున్నాయి. పాత వాషర్ ఊడదీసి జేబులో వేసుకుని వెళ్ళు, షాపులో అది చూపించి అదే సైజు తెచ్చుకో, కంటి అంచనాతో తేవద్దు. వచ్చేటప్పుడు మలుపులోకి ఒక బల్బు కూడా తీసుకురా. ముందు బల్బు వెయ్యి. అది మాత్రం వెంటనే వెయ్యి.

కుళాయికి తొందరేం లేదు.